నల్ల చొక్కా మీద ఆమె మొహం

మా అనంతపురం ఎండల్లో నల్ల చొక్కా తొడుక్కుని తిరగాలన్న బుద్ధి మనుషులకు ఎలా పుడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చొక్కాల మీద బొమ్మలు అచ్చేసే మా షాపుకు వచ్చే కుర్రాళ్ళలో ముప్పాతిక మంది నల్ల టీషర్టే కావాలంటారు. కబడ్డీ జట్టుకు నలుపు, వినాయకుడి ఊరేగింపుకు నలుపు, పీర్ల పండక్కి నలుపు, ఎవడి పుట్టినరోజుకో కేకు కోయడానికి కూడా నలుపే. "మాడిపోతారప్పా, తెల్లది తీసుకోండి" అని చెప్పి చూస్తాను. "నల్లదైతే మాసింది తెలీదక్కా" అంటారు. వాళ్ళకు ఉతికే బాధ తప్పుతుంది. ఆ బాధంతా తిన్నగా మా టేబుల్ మీదికి వస్తుంది.

తెల్ల గుడ్డ మీద పసుపు రంగు పూస్తే పసుపే కనిపిస్తుంది. నల్ల గుడ్డ మీద అదే పసుపు పూస్తే గుడ్డ తాగేస్తుంది. ఆరాక చూస్తే ఏ బజ్జీల నూనో ఒలికిందనుకుంటారు. అందుకని ముందు అడుగున తెల్ల పూత వేయాలి. బొమ్మ ఎంత మేర ఉంటే అంత మేరా వేసి, అంచుల దగ్గర మాత్రం వెంట్రుకవాసి లోపలికి ఆపాలి. లేకపోతే ఎర్ర అక్షరం పక్కన తెల్ల గీత తొంగి చూస్తుంది. ఆ తెలుపు వేలికి అంటనంత వరకు వేడి తగిలించి, అక్కడితో ఆపాలి. మరీ ఆరబెడితే పైన వేసే రంగులు దాన్ని పట్టుకోవు, ఉతగ్గానే పెచ్చులు లేస్తాయి. సరిగా ఆరకపోతే, రంగుకొకటి చొప్పున వాడే జల్లెడ గుడ్డ చట్రాల్లో, అదే స్క్రీన్లలో, రెండోది కింది తెలుపును ఎత్తుకుపోతుంది. ఇంతా చేస్తే చివరికి ఆ తెలుపు ఎవరికీ కనబడదు. కనబడితే మేం పని చెడగొట్టినట్టు.

దానికి తోడు మా గాలి. ఇక్కడి గాలిలో తడి అన్న మాట ఉండదు. స్క్రీను మీద తెల్ల పేస్టు వేసి, ఫోనొస్తే పక్కకు వెళ్ళి రెండు మాటలు మాట్లాడి వచ్చేలోగా స్క్రీను గుడ్డ కంతలన్నీ పూడుకుపోయి ఉంటాయి. అందుకే కిటికీలకు తడి గోనె పట్టలు కడతాం. నేను కంప్యూటర్ దగ్గర బొమ్మను రంగురంగుగా విడగొట్టి ఫిల్ములు తీస్తాను, స్క్రీన్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చూస్తాను. మా ఆయన రబ్బరు పట్టీ పట్టుకుని రంగు లాగుతాడు. ఆయన చెయ్యి మంచిది. నోరు మాత్రం, స్క్రీను పూడుకుపోయిన ప్రతిసారీ తప్పు నాదేనంటుంది. నేనూ ఊరుకునే రకం కాదు. మా పక్కన జెరాక్స్ షాపు వాళ్ళకు మా ఇంటి సంగతులన్నీ తెలుసు.

ఈ విద్య నాకు మా నాయన నేర్పించాడు. ఆయన కాలంలో పెళ్ళి కార్డులు, గుడ్డ బ్యానర్లు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, నేను చొక్కాల మీద పడ్డాను. చొక్కాల మీద పడ్డాక మొహాల మీద పడక తప్పలేదు. మా సీమలో మనిషి మొహం లేకుండా ఏ పనీ జరగదు. పెళ్ళికొడుకు స్నేహితులు పెళ్ళికొడుకు మొహం వేసుకుంటారు, హీరో అభిమానులు హీరో మొహం, నాయకుడి మనుషులు నాయకుడి మొహం. చొక్కా మీద మొహం వేయడమంటే దాన్ని సన్నటి చుక్కలుగా విడగొట్టడం. నల్ల గుడ్డ మీద తెల్ల చుక్కలు దగ్గరదగ్గరగా పడితే అక్కడ వెలుగు, ఎడంగా పడితే నీడ. కంప్యూటర్లో ఒక గీతను కాస్త పైకి జరిపితే అడుగు తెలుపు చిక్కబడుతుంది, మనిషి పచ్చగా మెరిసిపోతాడు.

అందరూ ఆ గీత జరపమనే అడుగుతారు. "రవ్వంత తెల్లగా చెయ్యక్కా." ఈ మాట విననిదే మా షాపులో ఏ ఆర్డరూ పూర్తి కాదు. అడగకపోయినా మేమే చేస్తాం, అదొక మర్యాద. వచ్చిన చుట్టానికి మంచినీళ్ళు ఇచ్చినట్టు, ఫొటో ఇచ్చిన మనిషికి రెండు పాళ్ళు తెలుపు ఇస్తాం. ఒకసారి కరెంటు వస్తూ పోతూ ఉన్న హడావుడిలో ఒక పెళ్ళికొడుకు ఫొటోను ఉన్నదున్నట్టు కొట్టేశాం. వాళ్ళమ్మ చొక్కాల మూట తెచ్చి మా టేబుల్ మీద పడేసింది. "నా కొడుకు మీద నీకేం పగమ్మా?" అని ఏడ్చింది. కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు, అచ్చం ఆ చొక్కా మీద ఉన్నట్టే ఉన్నాడు. మళ్ళీ కొట్టిచ్చాం.

నేనూ నలుపే. మామూలు నలుపు కాదు, చిన్నప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళు నన్ను చూసి మా అమ్మను ఓదార్చేంత నలుపు. మా పెళ్ళి ఫొటోలో స్టూడియో ఆయన నన్ను గోధుమ రంగులోకి మార్చేశాడు. మా చిన్నది పలక పట్టే వయసులో ఆ ఫొటో చూసి, "నాయన పక్కన ఎవరమ్మా?" అని అడిగింది. మా ఆయన పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజంతా నాకు అన్నం మాత్రం సహించలేదు.

ఇలా ఉండగా పంచాయతీ ఎన్నికలొచ్చాయి. గార్లదిన్నె దిక్కు ఒక ఊళ్ళో సర్పంచు స్థానం ఎస్సీ ఆడవాళ్ళకు రిజర్వు అయింది. ఆ ఊరి పెద్దాయన ఇల్లు ఎప్పటినుంచో ఊరిని ఏలుతున్న ఇల్లు. స్థానం చేయి దాటిపోయినా పెత్తనం పోకూడదు కదా, తమ చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, కూలికి వచ్చే ఒకామెను వాళ్ళే నిలబెట్టారు. ఇందులో వింతేమీ లేదు, ఇటు పక్క చాలా ఊళ్ళలో జరిగేదే. ఊళ్ళో అందరూ చిన్నయ్య అని పిలిచే ఆ పెద్దాయన కొడుకు మా పాత గిరాకీ. మాట నెమ్మది, మనిషి మంచివాడు. వాట్సాప్‌లో ఆమె ఫొటో పంపి, షాపుకు వచ్చి కూర్చున్నాడు.

"నల్ల టీషర్టు మీద ముందర ఆయమ్మ మొగం, దాని కింద ఉంగరం గుర్తు పసుపుతో, ఎర్ర అక్షరాల్తో పేరు. ఆయమ్మను కొంచెం కళగా చెయ్యక్కా. టౌన్లో జేసినట్ల ఉండల్ల."

కళగా అంటే ఏమిటో నాకు చెప్పనక్కర్లేదు. గీత జరిపాను. మా ఆయన తెలుపు చిక్కగా లాగాడు, దాని మీద పసుపు, ఎరుపు, పల్చగా గోధుమ రంగు. శాంపిల్ చొక్కా వేడిగా తీసి చూపిస్తే అతను మురిసిపోయాడు. ఉంగరం బంగారంలా మెరుస్తోంది. మొహం సంగతి నేను పెద్దగా చూడలేదు. మా కవర్లో పెట్టిచ్చాను, ఊళ్ళో చూపించి ఆర్డరు ఖాయం చేస్తానని తీసుకెళ్ళాడు, ఆ రాత్రే ఫోన్ చేసి అలాగే కొట్టమన్నాడు.

ఆ కవరు పట్టుకునే ఆమె వచ్చింది. పొద్దున షట్టరు ఎత్తి, గోనె పట్టలు తడుపుతున్నాను. వాకిట్లో ఒకామె నిలబడి కవరు మీది అక్షరాలనూ మా బోర్డునూ మార్చి మార్చి చూస్తోంది. చదువు రాదని తెలుస్తూనే ఉంది, అక్షరాల ఆకారం కలుస్తుందో లేదో చూసుకుంటోంది. బస్టాండు నుంచి దారిలో వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ వచ్చిందట. చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని ఉంది. మా వైపు కూలికి వెళ్ళే ఆడవాళ్ళంతా ఎండకూ ముళ్ళకూ అలాగే తొడుక్కుంటారు. అంటే పనికని బయలుదేరి, పని మానుకుని ఇటు వచ్చిందన్నమాట. నలభై దాటి ఉంటాయి. చక్కటి మొహం, తీరైన ముక్కు, నాకంటే ఒక చాయ నలుపు.

కవర్లోంచి చొక్కా తీసి టేబుల్ మీద పరిచింది.

"అక్కా, ఇది మీరు గొట్టిందేనా?"

"మేమే. ఏమైంది?"

"ఈయమ్మ ఎవురు?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆమె మొహం వైపు చూశాను, చొక్కా మీద మొహం వైపు చూశాను. ముక్కుపుడక ఒక్కటే కలిసింది. చొక్కా మీద ఉన్నావిడ ఎవరో ఏసీ గదిలో కూర్చుని ఫొటో దిగిన బ్యాంకు మేనేజరులా ఉంది.

"నువ్వేనమ్మా. కళగా ఉండాలని చిన్నయ్య జెప్పినాడు."

"మా యత్తకు జూపిస్తే, మన మీద పోటీకి నిలబడింది ఈమేనా అనింది. నవ్వులాటకు గాదక్కా, నిజంగానే అడిగింది."

మా ఆయన లోపల్నుంచి రంగు చేతులతో వచ్చి తొంగి చూశాడు. ఆమె గొంతు పెంచలేదు. చొక్కా మీద మొహాన్ని అరచేత్తో సాపు చేస్తూ చెప్పింది. నామినేషను కాగితం వాళ్ళే రాశారట, వేలిముద్ర మాత్రం ఈమె వేసింది. మీటింగుల్లో మాట్లాడేది వాళ్ళే, ఈమె చేతులు జోడించి నిలబడాలి. గెలిచాక ఆఫీసులో కూర్చునేది కూడా ఎవరో ఊరందరికీ తెలుసట.

"పేరు నాదంట, మాట వాళ్ళదంట. పోనీలే, ఇంగేం జేస్తాం. మొగమన్నా నాది ఉండొద్దాక్కా?"

ఇన్నేళ్ళుగా ఎన్ని మొహాలకు తెలుపు వేశానో, ఇది నా మొహం కాదు అని వచ్చి అడిగిన మనిషి ఆమె ఒక్కతే. మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఆర్డరిచ్చింది ఆయప్ప. ఆయప్ప సరేనన్నది మనం మారిస్తే రేపు తగాదా అయితాది. మనకేంటికి ఈ రాజకీయం?" అన్నాడు. న్యాయమైన మాటే. నేను వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేశాను. నా సంగతి ఆయనకు తెలుసు, రబ్బరు పట్టీలు కడగడానికి వెళ్ళాడు.

నల్ల గుడ్డ మీద నల్లటి మొహం వేయడం నేననుకున్నంత తేలిక కాలేదు. అదేం గొప్ప, గీత కిందికి జరిపితే సరిపోతుందనుకున్నాను. అడుగు తెలుపు తగ్గించి ఒక పాత గుడ్డ మీద కొట్టి చూశాం. మొహం నల్లగా రాలేదు, బూడిద రంగులో వచ్చింది. చలికాలంలో ఒళ్ళు పగిలి తెల్లగీతలు పడతాయే, అలా ఉంది. ఆమె చూసి, "అయ్యో, జరమొచ్చి లేచినట్ల ఉండానే" అంది. తెలుపు అసలే లేకుండా గోధుమ రంగు ఒక్కటే కొట్టి చూశాం. గుడ్డ మొత్తం తాగేసింది. రెండు కళ్ళూ పళ్ళూ మాత్రం చీకట్లో వేలాడాయి. మా ఆయన ఫక్కున నవ్వి, నేను చూసిన చూపుకు ఆపేశాడు. ఆమె కూడా నవ్వింది, మాకంటే ఎక్కువ నవ్వింది.

మేం అన్ని రంగుల అడుగునా తెలుపే వేయాలని నేర్చుకున్న వాళ్ళం. మా చేతులకు ఇంకో దారి తెలియదు. ఆ రోజు దారి కనిపెట్టింది మా ఆయనే. రాజకీయం వద్దన్న మనిషి, పని సాగకపోయేసరికి పంతం పట్టాడు. "తెలుపు మీద ఆమె రంగు వేస్తే ఎట్ల వస్తాది? అడుగే ఆమె రంగు వెయ్యల్ల" అన్నాడు. అంటే కళ్ళకూ పళ్ళకూ ఉంగరానికీ అక్షరాలకూ మామూలు తెలుపు, మొహం వరకు మాత్రం తెల్ల పేస్టులోనే రంగులు కలిపి ఆమె ఒంటి చాయ తెచ్చి దాన్ని అడుగున వేయడం. దాని కోసం ఇంకో స్క్రీను తయారు చేయాలి. పని పెరుగుతుంది, కానీ చిక్కు విడిపోతుంది.

రంగు కలపడానికి కొలత ఏమిటి? ఆమే చూపించింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేతిని టేబుల్ మీద రంగు మగ్గు పక్కన చాపి పెట్టింది. మా ఆయన తెల్ల పేస్టులో ఎరుపు కలిపాడు, పసుపు కలిపాడు, నలుపు చెంచా కొనతో వేశాడు, పుల్లతో తిప్పి ఆమె చేతి పక్కన గుడ్డ ముక్క మీద రాశాడు. ఇటుక రంగు వచ్చింది. ఇంకొంచెం నలుపు. కాఫీ పొడి రంగు వచ్చింది. ఆరితే మారిపోతుందని ప్రతిసారీ వేడి తగిలించి చూశాం. పరాయి మగవాడు తన చెయ్యి అంత దగ్గరగా చూస్తున్నా ఆమె బిడియపడలేదు, పనిమంతురాలు పనిని చూసినట్టే చూసింది. ముంజేతి మీద ముళ్ళు గీరిన పాత గీతలున్నాయి. చీనీ చెట్ల ముళ్ళవి.

నేను ఆమె చెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పాను. లోపలి వైపు ఎండ తగలక ఒకటి రెండు చాయలు తక్కువ నలుపుగా ఉంది. "పోనీ ఈ పక్క రంగు పెడదామా? ఇది కూడా నీదే గదా" అన్నాను. నాకు మంచి ఉపాయమే అనిపించింది. ఆమె చెయ్యి మళ్ళీ బోర్లా తిప్పేసింది.

"ఆ పక్క ఎవురు జూసినారక్కా? జనాలు జూసేది ఇదే."

కొత్త స్క్రీనుకు మందు పూసి చీకటి గదిలో ఆరబెట్టి, బొమ్మ ఫిల్ము ఆనించి లైటు చూపించి, కడిగాను. కడగడానికి పారబోస్తున్న నీళ్ళను ఆమె కాల్వ దాకా చూపుతో సాగనంపింది, నీళ్ళ విలువ తెలిసిన మనిషి. స్క్రీను ఆరేలోగా ముగ్గురం అన్నాలు తిన్నాం. ఆమె మూటలో జొన్న రొట్టె, శనక్కాయలతో నూరిన ఊరుబిండి పచ్చడి ఉన్నాయి. మా ఆయన నా వంకాయ కూర పక్కన పెట్టి ఆ ఊరుబిండితోనే భోజనం కానిచ్చాడు. దానికి ఆ తర్వాత నేను చెప్పాల్సింది చెప్పాను.

మధ్యాహ్నం గాలి కొంచెం తగ్గాక కొత్త చొక్కా ఎక్కించాం. ముందు ఆమె రంగు అడుగు, తర్వాత మామూలు తెలుపు. వేలు ఆనించి చూశాను, అంటలేదు. ఆపైన పసుపు, ఎరుపు, చివర్న నుదుటి మీదా ముక్కు దూలం మీదా బుగ్గల మీదా వెలుగు కోసం కాస్త లేత గోధుమ చుక్కలు. కనుబొమలకూ జుట్టుకూ నీడలకూ గుడ్డ నలుపునే వదిలేశాం. స్క్రీను పైకి లేపగానే ఆమె మొహం ఉంది అక్కడ. నిజంగా ఆమే. నల్లగా, నిండుగా, ఇప్పుడే ఏదో అడగబోతున్నట్టు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. నల్ల మొహం బాగుండగలదని చెప్పడానికి ఏ ఫొటో స్టూడియో ఆయనా అంతవరకు నాకు ఒక్క రుజువూ చూపించలేదు.

ఆమె దగ్గరికి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుని, తడి ఆరని రంగుకు తగలకుండా చొక్కా అంచు మీద వేళ్ళు ఆనించి చూస్తూ ఉండిపోయింది.

అప్పుడే పెద్దాయన కొడుకు వచ్చాడు. ఎంత వరకు వచ్చిందో చూద్దామని టౌనుకు వచ్చాడట. ఆమెను చూసి, "నువ్వేంది ఈడుండావు?" అని ఆశ్చర్యపోయాడు. ఆమె చప్పున లేచి నిలబడింది. అతని కళ్ళు టేబుల్ మీదికి వెళ్ళాయి.

"ఏమక్కా ఇది? శాంపిల్ నేను ఓకే జేసినాను గదా?"

"ఆయమ్మ మొగం ఇట్లే ఉండాది. నేనేం జెయ్యాల?" అన్నాను. నా గొంతు కాస్త దురుసుగానే వచ్చింది.

"ఉండాదిలేక్కా, ఎవురు కాదన్నారు? ఊర్లో ఏమంటారో ఆలోచన జేసినావా? మా నాయన ఫొటోలు మా ఫొటోలు అన్నీ తెల్లగ ఏయించుకుంటాం. ఆయమ్మది మాత్రం ఇట్ల ఏస్తే, కావాలనే నల్లగ గొట్టించినారు, కూలిదని అట్ల జేసినారు అంటారు. ఆ మాట మేం పడల్లనా?"

నా కోపం సగంలో ఆగిపోయింది. అతను చెప్పింది అబద్ధం కాదు. చొక్కాల మూట టేబుల్ మీద పడేసి ఏడ్చిన పెళ్ళికొడుకు తల్లి కళ్ళ ముందు మెదిలింది. తెలుపు వేయడం అతని దృష్టిలో ఆమెకు ఇచ్చే గౌరవం. తనకు తెలిసిన గౌరవం అదే, పాపం. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన రబ్బరు పట్టీ వైపు చూశాడు.

ఆమె టేబుల్ మీది చొక్కా జాగ్రత్తగా ఎత్తింది. మా ఆయన "ఆగమ్మా, ఆరలేదు" అంటూ వేడి తగిలించి ఇచ్చాడు. పాత చొక్కా విప్పి పక్కన పెట్టి, ఆ నల్ల చొక్కా చీర మీద తొడుక్కుని అతని ఎదురుగా నిలబడింది.

"చిన్నయ్యా, నేనే అడిగినాను. అక్కది తప్పు లేదు. ఎవురన్నా ఏమన్నా అంటే నా దగ్గరికి పంపీ. మా వాడలో ముసిలోళ్ళకు చదువు రాదు, చూపు ఆనదు. ఆ తెల్ల బొమ్మను జూసి ఎవురో టౌనామె అనుకుంటారు. ఎవురో ఆమెకు ఓటేంటికేస్తారు? దీన్ని జూస్తే నేనని తెలుస్తాది."

నాతో చెప్పిన మాట అతనితో చెప్పలేదు. ఎవరికి ఏ మాట ఎక్కుతుందో ఆమెకు బాగా తెలుసు. అతను ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు, చొక్కా మీద మొహాన్ని చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. ఓట్ల లెక్క అతని తలలో తిరగడం నాకు కనబడుతూనే ఉంది. చివరికి తల గోక్కున్నాడు.

"సరేలేమ్మా. గెలిస్తే సాలు." నా వైపు తిరిగి, "అట్లే గొట్టుక్కా" అన్నాడు.

"సైజులు పెద్దవి జెయ్యమను చిన్నయ్యా" అంది ఆమె. "మగపిల్లోళ్ళు రెండు దినాలు ఏసుకొని ఇడుస్తారు. ఆడోళ్ళు చీర మీద తొడుక్కొని పనికి పోతారు, చినిగే దాకా ఉంటాది."

పెద్ద సైజులే కొట్టాం. ఆ కొన్ని రోజులూ షాపంతా ఆమె మొహమే. ఆరేసిన తీగ మీద, బల్లల మీద, కుర్చీల వీపుల మీద. టీ తెచ్చే అతను "ఎవరక్కా ఈమె, మీ చెల్లెలా?" అని అడిగాడు. అవునన్నాను.

ఆమె గెలిచింది. మెజారిటీ ఎంతో నేను అడగలేదు. పెద్దాయన ఇంటి అండ ఉంది కాబట్టి గెలిచిందని మా ఆయన అన్నాడు, అదీ నిజమే అయుండొచ్చు. ఆ తర్వాత మా పనుల్లో మేం పడిపోయాం. ఆమె మళ్ళీ షాపుకు రాలేదు, నేనూ ఆ ఊరు వెళ్ళలేదు.

ఎండలు ముదిరాక ఆ ఊరి నుంచి కబురొచ్చింది. పంచాయతీలో చెత్త ఎత్తే వాళ్ళకు ముదురు ఆకుపచ్చ కోట్ల మీద ప్రింటు కొట్టాలట, కొలతలు తీసుకోవడానికి రమ్మన్నారు. బస్సు దిగి ఆఫీసుకు వెళ్ళాను. వరండాలో బల్ల వేసుకుని పెద్దాయన కొడుకు కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం. ఎవరికి ఏం కావాలన్నా అతనికే చెప్పుకుంటున్నారు, అతను ఓపిగ్గా వింటున్నాడు, ఫోన్లు చేస్తున్నాడు. ఆమె తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. సర్పంచు అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. నన్ను చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇదంతా జరిగేదేనని ముందే తెలిసినా, చూసేసరికి మనసు చివుక్కుమంది. చొక్కా మీద మొహం ఏ రంగులో ఉంటే ఏమైంది, నేనూ మా ఆయనా ఒక పూట సంబరపడ్డాం, అంతే కదా అనిపించింది.

అంతలో ఒక ముసలావిడ కర్ర పట్టుకుని మెట్లెక్కింది. చీర మీద మా నల్ల టీషర్టు. మోకాళ్ళ దాకా జారింది, భుజాల దగ్గర ఎండకు వెలిసి గోధుమ రంగుకు తిరిగింది. మేం వేసిన మొహం మాత్రం చెక్కుచెదరలేదు. జనం దారి ఇచ్చారు. పెద్దాయన కొడుకు కుర్చీలోంచి ముందుకు వంగి, "రా అవ్వా, పింఛను సంగతేనా? నాకు జెప్పు, నేను జూస్తా" అన్నాడు.

ముసలావిడ కళ్ళు చికిలించి అతన్ని చూసింది. "నీకు గాదబ్బయ్యా. ఈయమ్మకు జెప్పల్ల" అని చొక్కా గుండెల మీద చేత్తో తట్టింది.

ఎవరో నవ్వారు. అతను కూడా నవ్వబోయి ఊరుకున్నాడు. ముసలావిడ కర్ర గోడకు ఆనించి, చొక్కా అంచు రెండు చేతుల్తో పట్టుకుని పైకి లాగి, తల వంచి, తలకిందులుగా కనబడుతున్న ఆ మొహాన్ని చూసుకుంది. తలెత్తి వరండాలో ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చింది. తలుపు దగ్గర ఆగింది. మెల్లగా అటు నడిచి వెళ్ళి, ఆమె ఎదురుగా నిలబడి, మళ్ళీ ఒకసారి చొక్కా ఎత్తి చూసి సరిపోల్చుకుంది.

"ఈ మొగం నీదేగదమ్మా?"

ఆమె గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చింది. ముసలావిడ చెయ్యి పట్టుకుంది.

"నాదే అవ్వా" అంది. "జెప్పు."